ముందుకు చాపిన కాలు

ఈ మధ్య టెస్టు మ్యాచ్ చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. వద్దనుకుంటూనే చూస్తాను, చూస్తూ తిట్టుకుంటాను, తిట్టినందుకు ఇంట్లోవాళ్ల చేత మాట పడతాను. స్పిన్నర్ అని పేరు పెట్టుకున్నవాడు గబగబా నాలుగడుగులు వేసి, ఈటె విసిరినట్టు బంతిని వికెట్ల మీదకి విసిరేస్తాడు. అది గాలిలోకి లేవదు, ఆగదు, ఎవరినీ ఏమీ అడగదు. దానికి వ్యాఖ్యాతలు 'ఏం కచ్చితత్వం!' అని మురిసిపోతారు. ఎదుటివాడు అంతకన్నా ఘనుడు. వచ్చీ రాగానే మోకాలి మీద కూలబడి చీపురుతో వాకిలి ఊడ్చినట్టు అడ్డంగా ఊడుస్తాడు. బ్యాటు చూస్తే దుంగంత, బౌండరీ తాడు చూస్తే ఇంటి ప్రహరీ అంత దగ్గర. తప్పు తగిలినా సిక్సే. రెండు సిక్సులు పడగానే కెప్టెన్ బంతి లాక్కుని ఇంకొకడికి ఇచ్చేస్తాడు. ఒక స్పిన్నర్ మధ్యాహ్నమంతా ఒకే కొసనుంచి వేస్తూ, ఒక బ్యాట్స్‌మన్‌ని నెమ్మదిగా వలలోకి లాగడం నేను చూసి ఎన్నాళ్లయిందో. పోనీ మన దేశంలో మ్యాచ్ కదా అని కూర్చుంటే, మొదటిరోజు భోజనం వేళకే దుమ్ము లేచేలా పిచ్ తయారుచేసి పెడతారు. అక్కడ నేల తిరుగుతోంది, బంతి కాదు. ఆ నేల చేసిన పనిని బౌలర్‌కి అంటగట్టి, మూడో రోజుకల్లా ఆట ముగించి చప్పట్లు కొట్టుకుంటారు.

ఇంత కోపం ఆట మీదేనా అని నన్ను నేను ఎప్పుడూ అడుక్కోలేదు. కిందటి నెల చీపురుపల్లి వెళ్లి వచ్చాక అడుక్కోవలసి వచ్చింది.

మా మావయ్య కొడుకు పైడిరాజు బావకి కంటి ఆపరేషన్ అయింది. నాకన్నా నాలుగేళ్లు పెద్దవాడు. అతని భార్య పార్వతక్క ఫోన్ చేసి, "ఒరే సూర్యం, మీ బావ ఒక్క కాడ కూకోడు. సుక్కల మందు ఏస్తానంటే పారిపోతన్నాడు, తల దించొద్దంటే పొలానికెల్లి కలుపు తీస్తనంటాడు. నువ్వొచ్చి నాలుగు రోజులు కాపలా కాయి. నీ మాటైతే ఇంటాడు" అంది. మర్నాడే రైలెక్కాను. వెళ్లేసరికి బావ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు. టీవీలో టెస్టు మ్యాచ్ వస్తోంది. నేను సంచీ దించి, మంచినీళ్లు తాగి, నా తిట్లు మొదలుపెట్టాను. నాకు తెలిసిన స్లో బౌలర్లందరిలోకీ, టీవీలో చూసినవాళ్లని కూడా కలిపి చెబుతున్నాను, గొప్పవాడు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. ఆ సంగతి ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు. ఎందుకు తెలియకుండా పోయిందో చెప్పాలంటే మా తాతగారింటికి వెళ్లాలి.

మా నాన్నది ఊళ్లు తిరిగే ఉద్యోగం. అందుకని ఆరో తరగతిలోనే మా అమ్మ నన్ను తన పుట్టింట్లో వదిలింది. చీపురుపల్లి బడికి అక్కడినుంచి నడిచి వెళ్లేవాళ్లం. ఆ ఇల్లు తలుచుకుంటే ముందుగా ముక్కుకి తగిలేది గోగునార. వానలు వెనకబట్టాక గోగు కోసి, కట్టలు కట్టి, మేం గెడ్డ అనే వాగులో ముంచి, తేలకుండా పైన రాళ్లు పెట్టేవారు. పదిహేను ఇరవై రోజులకి కుళ్లి, పుల్లనుంచి నార ఊడివచ్చేది. ఆ కంపు మా బట్టలకి పట్టేది, పుస్తకాలకి పట్టేది, అన్నానికి కూడా పట్టేది. బళ్లో లెక్కల మాస్టారు మా బెంచీ దాకా వచ్చి, ముక్కు మూసుకుని వెనక్కి తిరిగేవాడు. అత్తకి మాత్రం అది కంపు కాదు. తెల్లారకుండానే లేచి చోడి అంబలి, అంటే రాగిజావ, కాచి, తలా ఒక ఉల్లిపాయ చేతిలో పెట్టి, "బేగి ఎల్లండి, ఎండెక్కితే నీల్లు ఉడికిపోతాయి" అని మమ్మల్ని గెడ్డకి తరిమేది. మోకాళ్ల లోతు నల్లటి నీళ్లలో నిలబడి నేనూ మావయ్యా బావా నార తీసేవాళ్లం. నాకు ఒక కట్ట అయ్యేసరికి బావకి మూడు కట్టలు అయ్యేవి. పుల్లని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక్క మెలిక తిప్పేవాడు, నార పాము కుబుసంలా జారి వచ్చేది. అతని చూపుడువేలు పక్కన చింతగింజంత కాయ కాసి ఉండేది. వేళ్లు అంత గట్టివి, మణికట్టు మాత్రం ఆడపిల్ల మణికట్టులా ఎటంటే అటు తిరిగేది.

తాత అప్పటికి గెడ్డకి రావడం మానేశాడు. అరుగు మీద కూర్చుని తాళ్లు పేనేవాడు. పక్కన తోలు తొడుగు వేసిన ట్రాన్సిస్టర్ ఉండేది. టెస్టు మ్యాచ్ జరిగే అయిదు రోజులూ దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. తాతకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. క్రికెట్ మ్యాచ్ కళ్లతో చూసింది మా ఊరి కళ్లంలో మేం ఆడుకునేటప్పుడే. కానీ స్పిన్ అంటే ఏమిటో అతనికి తెలిసినంతగా మాకు ఆట నేర్పినవాళ్లకి తెలియదు. "ఎవుడేస్తన్నాడ్రా?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ణి. "పొద్దుటినుంచీ ఆడేనా?" "వాడే తాతా." "ఏయనీ. తొందరేటి." కాసేపటికి మళ్లీ, "ఆ బేటింగోడు ముందుకొస్తన్నాడా, ఎనక్కెల్తన్నాడా?" ముందుకొస్తున్నాడంటే, పేనుతున్న తాడు ఆపి నవ్వేవాడు. "అయితే ఇప్పుడొకటి కొంచెం పొట్టిగా ఏస్తాడు సూడు." చాలాసార్లు అలాగే జరిగేది. బౌలర్ ఒక ప్రశ్న అడుగుతాడు, బ్యాట్స్‌మన్ దానికి కాళ్లతో జవాబు చెబుతాడు, ఆ జవాబు విని బౌలర్ ఇంకో ప్రశ్న అడుగుతాడు. అయిదు రోజుల ఆట అంటే తాత దృష్టిలో అదే. ఇద్దరు మనుషులు తీరిగ్గా కూర్చుని వాదించుకోవడం. ఇప్పటి ఆట వింటే తాత రేడియో కట్టేసేవాడు.

బావ ఆ మాటలు వింటూ పెరిగాడు. మొదట నిమ్మకాయతో, తరవాత రబ్బరు బంతితో, ఆ తరవాత చీపురుపల్లి సంతలో కొన్న కార్క్ బంతితో నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. నార మెలి తిప్పిన వేళ్లే బంతినీ తిప్పాయి. వదిలేటప్పుడు అతని వేళ్ల దగ్గర చిటిక వేసినట్టు ఒక చప్పుడు వచ్చేది. ఆ వెంటనే గాలిలో తుమ్మెద రొద. బంతి బ్యాట్స్‌మన్ కళ్లకన్నా పైకి లేచేది. ఇక్కడ పడుతుంది అని మనం ఒక చోటు నిర్ణయించుకుని అడుగు వేస్తామా, అక్కడిదాకా రాకుండా జానెడు ముందే దిగిపోయేది. దిగి, లోపలికి తిరిగి, కాలికీ బ్యాటుకీ మధ్యనుంచి దూరేది. గోగుపుల్లలు పాతిన వికెట్లు టపటపా విరిగేవి. రోజూ సాయంత్రం నేనే బ్యాటింగ్. రోజుకి ఇరవై సార్లు అవుటయ్యేవాణ్ణి. ఆరేళ్లు అలా గడిచింది. అవుటైన ప్రతిసారీ నా దగ్గరికి నడిచి వచ్చి, ఎందుకు అవుటయ్యానో చెప్పేవాడు. "కాలు ముందే పెట్టీసినావు. బంతి పై నుంచి దిగేదాకా ఆగు. ఆగలేవా? ఆగలేనోడు అవుటైపోతాడు, అంతే." ఆ చెప్పడం నాకు ఇష్టం ఉండేది కాదు. నేను బాగా ఆడగలిగినదంతా అతని దగ్గర నేర్చుకున్నదే. అందుకే అతనంటే లోపల ఏదో మంట కూడా ఉండేది. ఆ వయసులో దానికి పేరు తెలియదు. ఇప్పుడు తెలుసు.

నాకు పదిహేడేళ్లు వచ్చేసరికి ఇద్దరం ఆదివారాలు సైకిల్ మీద గరివిడి వెళ్లి ఆడేవాళ్లం. అక్కడి మైదానం గట్టిది. దాని మీద కొబ్బరిపీచు చాప పరిచి, అంచులకి మేకులు కొట్టేవారు. ఆ చాప మీద బావ బంతి కోడె తాచులా లేచేది. అక్కడ మాకు ఆట చెప్పేది ఒక డ్రిల్లు మాస్టారు. వేరే జిల్లానుంచి వచ్చినవాడు, తెల్లటి టోపీ, మెడలో ఈల. మొదటి ఆదివారం బావ బౌలింగ్‌లో ఆయనే మూడుసార్లు అవుటయ్యాడు. అందరం నవ్వాం. రెండో ఆదివారం నన్ను పక్కకి పిలిచాడు.

"స్పిన్ ఆడటమంత తేలిక పని ఇంకోటి లేదోయ్," అన్నాడు. "ఎడమ కాలు ఎంత ముందుకు వెళ్తే అంత ముందుకు చాపు. బ్యాటు ఆ ప్యాడ్ వెనకాల దాచు. ఆడుతున్నట్టు కనిపించాలి, కానీ ఆడకూడదు. అంత ముందుకొచ్చిన కాలికి తగిలిన బంతి వికెట్లదాకా పోయేదని ఏ అంపైరూ వేలెత్తడు."

"మరి పరుగులు ఎలా వస్తాయి మాస్టారూ?"

"పరుగులెందుకు? ముందు వాణ్ణి విసిగించు. విసిగినవాడు చెత్త బంతి వేస్తాడు. అప్పుడు కొట్టు."

ఇది ఆయన కనిపెట్టిన విద్య కాదు. పెద్ద పెద్ద దేశాల పెద్ద పెద్ద బ్యాట్స్‌మెన్ ఆ రోజుల్లో అదే చేసేవారు. చేతిలో బ్యాటు పెట్టుకుని కాలితో ఆడటం! దాన్ని సాంకేతికత అన్నారు, ఓర్పు అన్నారు, పుస్తకాల్లో బొమ్మలు వేసి పిల్లలకి నేర్పారు. బౌలర్ గొంతు చించుకుని అరుస్తుంటే అంపైర్లు చేతులు వెనక్కి కట్టుకుని తల అడ్డంగా ఊపారు. స్పిన్ ఈ మధ్య పాడైపోయిందని అందరూ పొట్టి ఆటల మీద పెడతారు గానీ, దాని మెడకి మొదట ఉరి బిగించింది ఆ ముందుకు చాపిన కాలు. ఎంత మంచి బంతి వేసినా దూదీ బెత్తమూ కుట్టిన గుడ్డకి తగిలి చచ్చిపోతుందని తెలిశాక, ఏ కుర్రాడు బంతిని గాలిలోకి ఎగరేస్తాడు?

నేర్చుకున్నాను. వారం రోజుల్లో వచ్చేసింది. దానికి కన్ను అక్కర్లేదు, ఆగడం అక్కర్లేదు. ఇంటి దగ్గర బావ బౌలింగ్‌లో మాత్రం అలా ఆడలేదు. కళ్లంలో ప్యాడ్లు లేవు మరి.

ఆ ఏడాది చలికాలంలో విజయనగరంలో జిల్లా జట్టుకి ఎంపిక మ్యాచ్ పెట్టారు. ఊరూరా ఏరిన కుర్రాళ్లని రెండు జట్లుగా విడదీశారు. బావ ఒక జట్టులో, నేను ఇంకో జట్టులో పడ్డాం. పై నుంచి ఒక పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడన్నారు. ముందురోజు పొద్దున్న అంబలి తాగుతుండగా మావయ్య బావతో అన్నాడు: "ఈ పాలి నిన్ను తీసుకుంటే సరే, ఆడుకో. నానేటీ అన్ను. తీసుకోకపోతే మాత్రం జూట్ మిల్లులో మేస్త్రీకి సెప్పీసినాను. ఎల్లి సేరిపోవాల." బావ తల ఊపాడు. తాత అరుగు మీదనుంచి, "ఆణ్ణి తీసుకోకపోతే ఇంకెవుణ్ణి తీసుకుంటార్రా?" అని అరిచాడు.

మ్యాచ్‌లో మా జట్టు బాధ్యత డ్రిల్లు మాస్టారిది. నేను ప్యాడ్లు కట్టుకుంటుంటే వచ్చి, "మీ బావే కదా అని మొహమాటపడకు. వాడికి వికెట్ ఇచ్చావంటే నీ పేరు కొట్టేస్తారు. నేర్పింది గుర్తుందిగా?" అన్నాడు. గుర్తుంది. బావ చేతికి బంతి వచ్చేసరికి నేను కాలు చాపాను. మొదటి బంతి గాలిలో రొద చేసుకుంటూ వచ్చి, దిగి, తిరిగి, ప్యాడ్‌కి కొట్టుకుంది. బావ అవుటని అడిగాడు. అంపైరు తల అడ్డంగా ఊపాడు. రెండోదీ అంతే. మధ్యాహ్నం భోజనందాకా అంతే. అతను దగ్గరగా వేశాడు, దూరంగా వేశాడు, కొస మార్చాడు, ఇంకా నెమ్మదిగా వేశాడు. ప్రతిదానికీ నా దగ్గర ఒకటే జవాబు, ఎడమ కాలు. మధ్యస్టంపు ముందు నిలబడి కాలికి తిన్న బంతులు ఎన్నో నాకు తెలుసు. మొదట్లో చేతులు చాచి అడిగేవాడు, తరవాత్తరవాత బంతి పట్టుకుని ఊరికే వెనక్కి తిరిగేవాడు.

భోజనాల తరవాత ఒక బంతి నేను అనుకున్నదానికన్నా ఎత్తుగా లేచింది. ప్యాడ్‌కి కాదు, నా గ్లౌజుకి తగిలింది. బొటనవేలి మీద. నా పక్కనే షార్ట్ లెగ్‌లో ఉన్న కుర్రాడు ముందుకి దూకి నేలకి జానెడు ఎత్తులో పట్టుకున్నాడు. అందరూ అరిచారు. అంపైరు ప్యాడ్ అనుకుని వేలెత్తలేదు. నేను నేల చూసి, బ్యాటుతో చాప మీద లేని మట్టి దులిపి, మళ్లీ గార్డ్ తీసుకున్నాను. బావ పిచ్ మధ్యలో నిలబడి నన్ను చూశాడు. సాయంత్రందాకా నేను అవుట్ కాలేదు. చెప్పుకోదగ్గ పరుగులూ చెయ్యలేదు. షామియానాలో పెద్దమనిషి నా భుజం తట్టి, "గట్టి కుర్రాడివి" అన్నాడు. బావతో, "నీ బంతి మరీ నెమ్మది బాబూ. ప్యాడ్‌తో ఆపేస్తున్నారు. బల్లపరుపుగా, వేగంగా వెయ్యి. వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చి ఇద్దరం పక్కపక్కన పీటల మీద కూర్చున్నాం. అత్త వంకాయ కూరా ఉలవచారూ వడ్డించింది. బావ అన్నం కలుపుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఒరే సూర్యం. నా బంతి నిజంగా అంత నెమ్మదిగా వస్తన్నాదేటి?"

నేను ముద్ద మింగాను. "అవును బావా," అన్నాను. "కొంచెం నెమ్మదే."

నన్ను తీసుకున్నారు. బావని తీసుకోలేదు. వచ్చే ఏడాది చూద్దామన్నారు కాబట్టి మావయ్య మేస్త్రీ దగ్గర ఏడాది గడువు అడిగాడు. మర్నాటినుంచే బావ కళ్లంలో రెండు వెదురు గెడలు పాతించి, వాటి మధ్య మనిషి ఛాతీ ఎత్తులో తాత పేనిన గోగుతాడు కట్టించాడు. బంతి ఆ తాడు కిందనుంచి పోవాలి. కట్టింది నేనే. సడలినప్పుడల్లా బిగించిందీ నేనే. మొదట్లో బంతి తాడుకి తగిలి పడిపోయేది. నెల తిరిగేసరికి తగలడం మానేసింది. వేళ్ల దగ్గర చిటిక చప్పుడు పోయింది, గాలిలో రొద పోయింది. బంతి నేలబారుగా, గబుక్కున, తిన్నగా వచ్చేది. కాలు చాపనవసరం లేకుండానే నేను ఆడేసేవాణ్ణి. ఒక సాయంత్రం తాత కర్ర పోటేసుకుంటూ కళ్లానికి వచ్చాడు. చాలాసేపు నిలబడి చూశాడు.

"ఇదేటిరా? బంతికి ఉరేసినారేటి?"

బావ ఇంకో బంతి తాడు కిందనుంచి వేశాడు.

"తియ్యండ్రా ఆ తాడు. తియ్యండి!" అని కర్రతో తాడు మీద కొట్టాడు. బావ నెమ్మదిగా తాత చెయ్యి పట్టుకుని, ఇంటికి నడిపించుకెళ్లాడు. తిరిగి వచ్చి మళ్లీ వేశాడు.

మరుసటి ఏడాది మ్యాచ్‌లో అతని బంతులు అందరూ హాయిగా ఆడారు. కొందరు కొట్టారు కూడా. ఈసారి సలహా ఇవ్వడానికి కూడా ఎవరూ పిలవలేదు. వారం తిరక్కుండా మిల్లులో చేరాడు. తాడు విప్పేశాక ఒకటి రెండుసార్లు పాతలా వెయ్యడానికి ప్రయత్నించాడు. రాలేదు. వేళ్లు మరిచిపోయాయి. నేను జిల్లాకి ఓపెనర్‌గా కొన్నేళ్లు కాలు చాపి, ఆ కాలి మీదే క్రీడల కోటాలో విశాఖపట్నంలో సర్కారు ఉద్యోగం సంపాదించాను. ఇవాళ తింటున్న పింఛను దానిదే. బావ మిల్లు కొన్నాళ్లకి మూతపడింది. తిరిగి వచ్చి పొలం చూసుకున్నాడు. తరవాత గోగు వెయ్యడం కూడా మానేశారు.

మొన్న వెళ్లినప్పుడు మూడో రోజు ఆట. టీవీలో ఒక బ్యాట్స్‌మన్ నాలాగే ముందుకి కాలు చాపాడు. బంతి ప్యాడ్‌కి తగిలింది. అంపైరు అచ్చం ఆనాటి అంపైరులాగే తల అడ్డంగా ఊపాడు. ఫీల్డింగ్ కెప్టెన్ రివ్యూ అడిగాడు. తెర మీద బంతి దారి గీసి చూపించారు. మధ్యస్టంపుకి తగిలే బంతి. అంపైరు తన నిర్ణయం మార్చుకుని వేలెత్తాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"చూశావా బావా! ఎంత అన్యాయం! ఇది ఆ రోజుల్లో ఉంటే నిన్ను ఆపగలిగేవాడు ఉండేవాడా? ఇప్పుడొచ్చింది ఈ యంత్రం, బంతిని ఎగరెయ్యడం అందరూ మరిచిపోయాక! ఆ గుడ్డి అంపైరు, ఆ డ్రిల్లు మాస్టారు, ఆ షామియానా పెద్దమనిషి, ముగ్గురూ కలిసి నిన్ను..."

"ముగ్గురేనేటి?" అన్నాడు బావ.

అతని వైపు తిరిగాను. నల్లద్దాల వెనక కళ్లు కనబడటం లేదు. ఇన్నేళ్లలో ఆ మ్యాచ్ గురించి మా మధ్య ఒక్క మాట రాలేదు. అన్నాను, "ఆ క్యాచ్... నా గ్లౌజుకి తగిలింది బావా."

"తెలుసు. సప్పుడు ఇన్నాను. గుడ్డ సప్పుడు ఏరు, గ్లౌజు సప్పుడు ఏరు. దానికి కాదురా నా కోపం. అంపైరు ఇవ్వకపోతే నిలబడిపోడం ఆటలో ఉన్నాదే. కాలు సాపినావు, అదీ ఆటే. సాయంత్రం అన్నం కాడ నేను నిన్నొకటి అడిగినాను. గురుతున్నాదా?"

"ఉంది."

"ఆ షామియానాలో కూకున్నోడి మాట నేను లెక్కసేసినాననుకున్నావేటి? ఆడు ఒక్కనాడైనా నా బంతికి ఎదర నిలబడినాడా? నువ్వు నిలబడినావు. ఆరేళ్లు. నా బంతి గురించి ఈ బూమ్మీద తెలిసినోడివి నువ్వొక్కడివే. అందుకు నిన్నడిగినాను. నువ్వు నెమ్మదన్నావు. నెమ్మదే కామోసనుకున్నాను." అతని గొంతు పెరిగింది. ఆ గొంతు పెరగడం నేను ఎప్పుడూ వినలేదు. "తాడు కట్టమంటే కట్టినావు! తాతకి తెలిసిపోనాది, నీకు తెలీలేదేటి? తీసీమని ఒక్క ముక్క అనలేకపోనావు. ఇప్పుడొచ్చి నా ఇంట్లో కూకుని, టీవీలో ఆళ్లనీ ఈళ్లనీ తిడతన్నావు. స్పిన్ సచ్చిపోనాది, స్పిన్ సచ్చిపోనాది అని వచ్చినప్పుడల్లా ఇదే గోల. ఎవుడు సంపినాడ్రా? నా బంతిని సంపినోడు ఎవుడు?"

ఇన్నేళ్లూ నేను ఆ పెద్దమనిషిని తిట్టుకుంటూ బతికాను. పేరు కూడా గుర్తులేని మనిషి. బావ జీవితాన్ని అతను ఒక్క సలహాతో పాడుచేశాడని నమ్మాను, నలుగురికీ చెప్పాను. నా 'కొంచెం నెమ్మదే' అన్నది నా దృష్టిలో చిన్న అబద్ధం. భయంతో ఆడిన కుర్రతనపు అబద్ధం. తీర్పు చెప్పింది అదేనని నాకు ఇన్నేళ్లూ తట్టలేదు.

చుక్కల మందు సీసా పట్టుకుని పార్వతక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో.

"పెళ్లైన ఏడాదే సెప్పినాడు నాకు," అంది. "నువ్వొచ్చినప్పుడల్లా నీకు వండి పెట్టినాను సూర్యం. కోడి కోసినాను, గారెలు ఏసినాను. ఏనాడూ మనసుతో పెట్టలేదు. ఈసారి సెప్తాడు, ఈసారి సెప్తాడు అని సూసీదాన్ని. తిని సెయ్యి కడుక్కుని ఎల్లిపోయీవోడివి."

ఆమె వచ్చి బావ అద్దాలు తీసి, రెప్ప పైకెత్తి, చుక్కలు వేసింది. అతను కదలకుండా వేయించుకున్నాడు. మందు చెంప మీదకి కారింది. ఆమె కొంగుతో తుడిచి లోపలికి వెళ్లిపోయింది.

"నెమ్మది కాదు బావా," అన్నాను. "ఆ బంతిలో ఏ లోపమూ లేదు. నేను ఆడలేకపోయాను. నాకు నిన్ను ఆడటం ఎప్పుడూ రాలేదు. అందుకే కాలు చాపాను."

అతను క్షమించానని అనలేదు, ఇప్పటికీ అనలేదు. టీవీలో మనుషులు చప్పట్లు కొడుతున్నారు. రిమోట్ ఎక్కడుందో చేత్తో తడుముకుని కట్టేశాడు.

"సెప్పు," అన్నాడు.

"ఏం చెప్పను?"

"ఆ రోజు నేనేసిన బంతులు. మొదటిదాన్నుంచి సెప్పు. ఏది ఎక్కడ పడ్డాది, ఏది ఎలాగ తిరిగింది, ఏదానికి నువ్వు నిజంగా అవుటు. అన్నీ కావాల నాకు. అబద్ధమాడితే ఊరుకోను."

కుర్చీ అతనికి ఎదురుగా జరుపుకుని కూర్చున్నాను. మొదటి బంతినుంచి మొదలుపెట్టాను. మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది, పార్వతక్క పిలవలేదు. నాకు గుర్తుండదనుకున్నవన్నీ గుర్తొచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. ప్రతి బంతికీ అతను చెయ్యి గాలిలో ఎత్తి, వేళ్లు తిప్పి, అదెలా వేశాడో చూసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆపి, "అది కాదు, అదీ అవుటే, మళ్లీ దాస్తన్నావు" అని అరిచాడు. రెండుసార్లూ అతనిదే నిజం.